చెవితో చేసే రిపేరు

తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో మోటారు మొరాయిస్తే అనుభవమున్న మెకానిక్ వెంటనే పానా పట్టుకోడు. ఒక్కసారి స్విచ్ వేయమని, వింటాడు. బుమ్మంటూ తిరగకుండా నిలబడిపోతే కండెన్సర్ మీదో, పోయిన ఫేజు మీదో అనుమానం. గరగరలాడితే బేరింగు. ఇబ్రహీంపట్నం దగ్గర నుంచి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు పోయే 30వ జాతీయ రహదారి మీద ఆగిన లారీ దగ్గరా ఇదే పద్ధతి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి, ట్యాపెట్ ఎక్కడ కొడుతోందో చెప్పేస్తారు.

ఊళ్లోకి డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు, 2011 తర్వాత మీసేవ కేంద్రాలు వచ్చినప్పుడు ఈ చెవి విద్య వాటిలోకీ నడిచొచ్చింది. బల్ల కింద ఉన్న డబ్బాను మనమంతా సీపీయూ అంటాం. దానిలో కదిలే వస్తువులు నిజానికి చాలా తక్కువ: ప్రాసెసర్ మీది ఫ్యాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఒకటి, డబ్బాకు వెనకో ముందో ఇంకొకటి, హార్డ్‌డిస్కు, పాతవాటిలో సీడీ డ్రైవు. మిగతాదంతా కదలని సామాను. కాబట్టి చప్పుడు వచ్చిందంటే అనుమానితులు నలుగురైదుగురే.

మంచి మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న ‘ఎలాంటి చప్పుడు’ అని కాదు, ‘ఎప్పుడు’ అని. డిసెంబరు పొద్దున ఆన్ చేయగానే గర్రుమని, పది నిమిషాలకు తనంతట తనే సర్దుకుంటే అది ఫ్యాను బుష్. చవక ఫ్యాన్లలో బాల్ బేరింగులు ఉండవు, నూనె పట్టిన బుష్‌లోనే ఇరుసు తిరుగుతుంది. ఆ నూనె ఎండుముఖం పట్టి చిక్కబడితే చలిలో గరగరలాడుతుంది, వేడెక్కాక పలచబడి నోరు మూస్తుంది. సర్దుకుంది కదా అని వదిలేస్తే వేసవిలో ఒకరోజు పూర్తిగా బిగుసుకుంటుంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక బుయ్యిమంటూ పెద్ద గాలి చప్పుడు వస్తే మాత్రం ఫ్యాను తప్పు కాదు. దాని కింద ఉన్న అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము చాపలా పేరుకుని, వేడి బయటికి పోక, ఫ్యాను వేగం పెంచుకుంటోందన్న మాట. అక్కడ కావలసింది కొత్త ఫ్యాను కాదు, బ్లోయరు. బ్లోయరు కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి గిర్రున తిరగనిస్తే ఉన్న బేరింగు కూడా పోతుంది. ఇక టరటరమని ఒకే లయలో కొడితే ఏదో వైరు రెక్కలకు తగులుతున్నట్టే. చిన్నప్పుడు సైకిలు పుల్లల్లో అట్టముక్క దోపి తొక్కిన వాళ్లకు ఈ చప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

బుష్ ఫ్యానుకు మన దగ్గర ఒక చవక వైద్యం ఉంది. మధ్యలో అంటించిన స్టిక్కరు సగం లేపి, కుట్టుమిషను నూనె ఒకే ఒక్క చుక్క వేసి, మళ్లీ అంటించడం. కొన్ని నెలలు నడుస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. చలికి గడ్డకట్టే నూనెను ఇరుసులో పోయడమంటే జబ్బును పెంచి పోషించడమే.

ఏ ఫ్యానో తేలకపోతే పక్క మూత తీసి, తిరుగుతున్న ఫ్యాను నడిబొడ్డు మీద, రెక్కల మీద కాదు, వేలు ఆనించి రెండు క్షణాలు ఆపాలి. చప్పుడు ఆగిందా, దొంగ దొరికాడు. లారీ మెకానిక్ స్క్రూడ్రైవర్ ఇక్కడ పనికిరాదు. ఇనుప మొన బోర్డు మీద ఎక్కడ తగిలినా షార్టే. దానికి బదులు కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొన చెవిదగ్గర, ఇంకో కొన అనుమానమున్న చోట పెడితే చప్పుడు స్పష్టంగా విడిపోతుంది. 1816లో ప్యారిస్‌లో లెన్నెక్ అనే డాక్టరు రోగి గుండె వినడానికి చేసింది ఇదే. స్టెతస్కోపు అలా చుట్టిన కాగితంతోనే మొదలైంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర విద్య వినడంతోనే ఆగాలి. గోడ ప్లగ్గు పీకేసినా అందులోని కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా కాసేపు నిలవ ఉండొచ్చు. దాని మూత తీయడం తెలిసినవాళ్ల పని. అందులోనుంచి చిటపటలు, కాలిన వాసన కలిసి వస్తే ప్లగ్గు తీసి పక్కన పెట్టడమే. సన్నటి కీచుమనే రొద, తెర మీద పేజీ పైకీ కిందికీ జరిపినప్పుడల్లా శ్రుతి మారేది, భయపడాల్సింది కాదు. కరెంటు మారినప్పుడల్లా కాయిల్స్ వణకడం వల్ల వస్తుంది. వయసుతో పాటు పైశ్రుతి చప్పుళ్లు వినే శక్తి తగ్గుతుంది గనక షాపులో కుర్రాడికి వినిపించేది యజమానికి వినిపించదు. ఇద్దరి మధ్య వాదన జరుగుతుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

డబ్బాకు అంటగట్టే చప్పుళ్లలో కొన్ని అసలు డబ్బావే కావు. పొలాల మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయి వోల్టేజి పడిపోయినప్పుడు యూపీఎస్‌లో రిలే టిక్కుమంటుంది. మొబైల్‌కు ఫోన్ రాబోయే ముందు స్పీకర్లలో వచ్చే డిడిడిట్ డిడిడిట్ అనేది 2జీ సిగ్నల్ పని. సెకనుకు 217 సార్లు వచ్చే రేడియో తరంగపు తునకలను స్పీకరు వైరు పట్టుకుంటుంది.

ఆన్ చేయగానే తెర నల్లగా ఉండి కూతలు వినిపిస్తే మదర్‌బోర్డే మాట్లాడుతోందని అర్థం. బోర్డును మొదలెట్టే ప్రోగ్రాం అవార్డ్ బయోస్ అయితే ఒక పొడవు, రెండు పొట్టి కూతలు డిస్‌ప్లే తేడాకు గుర్తు. ఏఎంఐ బయోస్‌లో అదే బాధకు ఎనిమిది కూతలు. ఆగకుండా పొడవు కూతలు వస్తే చాలాసార్లు ర్యామ్. ‘కార్బన్ పట్టింది’ అని దాన్ని తీసి, బంగారు పూత కొనలను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టడం మన మెకానిక్‌ల పేటెంటు వైద్యం. ఎగతాళి చేయకండి, పనిచేస్తుంది.

ఇప్పటివరకు చెప్పినవాటిలో చాలావరకు గడువు ఇచ్చే చప్పుళ్లు. హార్డ్‌డిస్కుది గడువు ఇవ్వని చప్పుడు. మామూలు డిస్కు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతూ సన్నగా హమ్మంటుంది. చదివే హెడ్ ఆ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మధ్యలో దుమ్ము రేణువు దూరే సందు కూడా లేదు. హెడ్ తన గుర్తులు చదవలేకపోతే వెనక్కి పోయి మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. అదే టక్, టక్, టక్. 2000లో వచ్చిన ఐబీఎం డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ డిస్కులు ఇలా టకటకమంటూ పోయి కోర్టు దాకా వెళ్లాయి.

ఆ చప్పుడు డిస్కుదేనా అన్న అనుమానం తీరాలంటే కంప్యూటర్ ఆపి, డిస్కు పవర్ వైరు తీసి, మళ్లీ ఆన్ చేసి వినాలి. నిశ్శబ్దమైతే ఖాయం. ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. ఆన్ చేసి చూడటం, ఆపడం, తట్టడం, ఎవరో చెప్పారని ఫ్రిజ్‌లో పెట్టడం. ఫ్రిజ్ నుంచి తీసిన డిస్కుకు పట్టేది చెమ్మ. హెడ్ పళ్లేన్ని గీకడం మొదలెడితే ప్రతి ఆన్‌కూ కొంత డేటా పొడిగా రాలిపోతుంది.

డిస్కు బాగోగులు చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. 2007లో గూగుల్ లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలనలో, పాడైన వాటిలో సగానికి పైగా డిస్కులు నాలుగు ముఖ్యమైన హెచ్చరికల్లో ఒక్కటీ చూపించలేదని తేలింది. అందుకని చెవికి సెలవివ్వకూడదనే నా మాట. కొత్త ఎస్‌ఎస్‌డీలకు కదిలే భాగాలే లేవు. అవి మంచివే, వేగమైనవే, కానీ చప్పుడు చేయకుండానే పోతాయి.

డీటీపీ సెంటర్లో ఏళ్ల తరబడి కూడిన పెళ్లికార్డులు, ఇంట్లో పిల్లల ఫొటోలు, ట్యూషన్ మాస్టారి ప్రశ్నపత్రాలు ఆ డబ్బాలోనే ఉంటాయి. పాడైన డిస్కును తెరిచి డేటా తీయడానికి దుమ్ములేని గది కావాలి, దానికి హైదరాబాద్ లాంటి నగరానికి పంపాలి, ఖర్చు కొత్త డిస్కు ధరకు ఎన్నో రెట్లు. గరగర వినిపిస్తే ఆదివారం దాకా ఆగొచ్చు. డిస్కు టక్‌మని ఒక్కసారి తడబడి మళ్లీ మామూలుగా నడిస్తే ముందు ఇంకో డిస్కులోకి కాపీ తీసుకోండి, మెకానిక్‌ను తర్వాత పిలవండి. ఆగకుండా టకటకమంటుంటే ప్లగ్గు తీసేయండి, మళ్లీ పెట్టకండి.