కంటికి కనిపించే కార్సన్ సూత్రం

ఎఫ్‌ఎం స్టేషన్‌కు ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలని వైవాలో అడిగితే ఈసీఈ పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. డీవియేషన్ డెబ్బై అయిదుకు ఆడియో పదిహేను కలిపి రెండింతలు చేస్తే 180 కిలోహెర్ట్జ్, అదే కార్సన్ సూత్రం. మార్కులు పడతాయి. ఆ 180 ఎలా ఉంటుందో సారంగాపూర్‌లో మా దాబా మీద ఏరియల్ కట్టాకే నేను చూశాను.

నా రిసీవర్ వేలెడంత యూఎస్‌బీ డాంగిల్. కంప్యూటర్‌లో టీవీ చూసుకోవడానికి చేసిన సరుకు. అందులోని రియల్‌టెక్ చిప్ సిగ్నల్‌ను ముడి అంకెలుగానే కంప్యూటర్‌కు అందించగలదని 2012లో ఫిన్లండ్ ప్రోగ్రామర్ ఆంటీ పలోసారి గమనించాడు. సాఫ్ట్‌వేర్ రేడియో ఆ తర్వాత రెండు మూడు వేల రూపాయలకు దిగొచ్చింది. ఫిల్టర్, డీమాడ్యులేటర్ అన్నీ ప్రోగ్రాములే. వాటికి 2001 నుంచి ఉన్న గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఆదిలాబాద్ ఆకాశవాణి అందితే అదే పెట్టండి, లేదా దగ్గరలో ఉన్న ఏ ఎఫ్‌ఎం అయినా సరే. తెర మీద సిగ్నల్ గుట్టలా లేస్తుంది. అనౌన్సర్ మాట ఆపితే సన్నబడుతుంది, డప్పు దరువు పడగానే రెండు పక్కలకూ విప్పారుతుంది. డీవియేషన్ అంటే అదే. డీమాడ్యులేట్ చేసి చూస్తే, స్టీరియో స్టేషన్ అయితే 19 కిలోహెర్ట్జ్ దగ్గర పైలట్ టోన్ సూదిలా నిలబడి ఉంటుంది.

నాకు మరీ ఇష్టమైనవి విమానాలు. వాటి సందేశాలు వచ్చే 1090 మెగాహెర్ట్జ్‌కు ఏడు సెంటీమీటర్ల రాగి తీగ చాలు. విమానం తన స్థానం, ఎత్తు చెప్పే సందేశంలో 112 బిట్లుంటాయి. చివరి 24 తప్పులు పట్టుకోవడానికే. మన ఆకాశంలో ఢిల్లీకి పోయే విమానం ఎత్తు మిగతా బిట్లను విప్పితే వస్తుంది. ఎర్రర్ డిటెక్షన్ పాఠం ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

వినడం వరకే మన హద్దు. ఇతరుల సంభాషణల జోలికి పోవద్దు. ప్రసారం చేయాలంటే లైసెన్సు తప్పనిసరి. పన్నెండేళ్లు నిండితే ఆ లైసెన్సుకు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాయొచ్చు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ దారి చూపుతుంది.

నాచుపల్లిలో, సిరిసిల్లలో జేఎన్టీయూ కాలేజీల్లో కమ్యూనికేషన్స్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు ఒక్క విన్నపం. మాడ్యులేషన్ యూనిట్ మొదలుపెట్టే ముందు ఒక పూట పిల్లలను డాంగిల్‌తో మేడ మీదికి తీసుకెళ్లండి. ఈక్వేషన్లు ఆ తర్వాత రాయించండి.