వార్డులో రెండు వ్యసనాలు

డీఅడిక్షన్ వార్డులో సైకియాట్రిక్ నర్సు మొదట చూసేది చేతులు. ముందుకు చాపి, వేళ్లు ఎడంగా పెట్టమంటుంది. వణుకు, చెమట, వికారం, కంగారు, లేని చప్పుళ్లు వినిపించడం... ఇలా పది లక్షణాలకు మార్కులు వేసుకుని, కొన్ని గంటలకోసారి మళ్లీ చూస్తుంది. తాగుడు మానిన 48 నుంచి 72 గంటల మధ్య కొందరికి మతి తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మార్కులు పెరుగుతుంటే డాక్టరుకు కబురు వెళ్లాల్సిందే. గ్లూకోజు ఎక్కించే ముందు థయామిన్ విటమిన్ పడిందో లేదో చూసుకునేదీ ఆమే.

జూదానికి వణుకుండదు, వాసనా రాదు.

కాబట్టి అడగాలి. "పందెం ఇంకా ఇంకా పెంచాలనిపించిందా అన్నా? ఎంత ఆడుతున్నావో ఇంట్లో అబద్ధం చెప్పాల్సొచ్చిందా?" చాలా దేశాల్లో వాడే ప్రశ్నలే ఇవి. నేర్పంతా గొంతులో ఉంది. బీపీ పట్టీ చుడుతూ, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడుగుతుంది. తాగినప్పుడే ఫోన్‌లో రమ్మీ తెరుస్తాడా, డబ్బు పోయాక తాగుతాడా అన్నది అక్కడే తేలుతుంది. ఒకదాన్నే మాన్పించి పంపితే రెండోది దాన్ని మళ్లీ లాక్కొస్తుంది మరి.

ఆన్‌లైన్ డబ్బు పందెం ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. పాత అప్పులు మాత్రం అలాగే ఉంటాయి. అప్పు సంగతి బయటపడగానే, చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆమె సూటిగా అడిగేస్తుంది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ.

ఇంటికి పంపేటప్పుడు ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుండాలో, యూపీఐ పరిమితి ఎంతకు తగ్గించాలో భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. చీటీ మీద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి, జీతం పడే రోజుకే మళ్లీ రమ్మంటుంది.