అసమదీయుల తెలుగు, తసమదీయుల కిలికి

'బాహుబలి' మొదటి భాగం (2015)లో కాలకేయులు మాట్లాడే కిలికి భాష ఉత్తుత్తి గోల కాదు. తమిళ రచయిత మదన్ కార్కీ దానికి దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు కట్టాడు. 'మిన్' అంటే నేను. దాన్నే తిరగేసి 'నిమ్' అంటే నువ్వు. ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో చిన్నపిల్లల్ని ఆడిస్తూ సరదాకి అల్లిన భాష నుంచి ఇది పెరిగింది. అడవి మనుషులంటే 'హుంబా హుంబా' అని అరిపించడమే అలవాటైన మన సినిమాలో ఈ శ్రమని తీసిపారెయ్యలేం.

మరి ఇంత వ్యాకరణం ఇచ్చి వాళ్లచేత ఏం మాట్లాడించారు? యుద్ధం, బెదిరింపు, శివగామిని అవమానించే మాట. అంతే. కాలకేయులకి భాష ఉంది గానీ ఇల్లు లేదు. తెరమీద వాళ్ల ఆడవాళ్లు కనబడరు, పిల్లలు కనబడరు, పొయ్యి కనబడదు. పిల్లల ఆటలో పుట్టిన భాష తెరమీదికి వచ్చేసరికి దాన్ని మాట్లాడే పిల్ల ఒక్కతీ లేకుండా పోయింది. నల్లరంగు పులిమిన వేలమంది మగాళ్లు, వాళ్లని నరికితే చప్పట్లు. ఆ రాజు వేషం కట్టిన నటుడు ప్రభాకర్‌కి 'కాలకేయ' ఇంటిపేరులా అతుక్కుపోయింది.

ఇంకొకటి గమనించాలి. అదే సినిమాలో జలపాతం కింద బతికే గూడెం జనం ఉన్నారు. రాజకుమారుణ్ణి సాకింది వాళ్లే. వాళ్లు మాట్లాడేది మనకర్థమయ్యే తెలుగే! అడవిలో ఉన్నా, రాజవంశానికి పాలుపట్టి పెంచినవాళ్లకి తెలుగు దక్కింది. రాజ్యానికి ఎదురు నిలబడ్డవాళ్లకి కిలికి దక్కింది. భాష జాతిని బట్టి రాలేదు, ఎవరి పక్షమన్నదాన్ని బట్టి వచ్చింది.

దీనికి పేరు కూడా మన సినిమాలోనే ఉంది. 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు రాక్షసులకి ఒక భాష చేసిపెట్టాడు. నోరు తిరగక 'అస్మదీయులు' కాస్తా 'అసమదీయులు' అవుతుంది, దానికి ఎదురుగా 'తసమదీయులు' పుడుతుంది. ఎవరో ఒకరు పుట్టిస్తేనే మాటలు పుడతాయని ఘటోత్కచుడు వెనకేసుకొచ్చి వీరతాళ్లు వేయిస్తాడు. నాకు ఈ ఘట్టం ఇష్టం. నిఘంటువులో లేని మాటకి బహుమానం ఇచ్చిన దొర తెలుగు సినిమాలో అతనొక్కడే అనుకుంటాను. అయినా అడగాలి: ఈ స్వేచ్ఛ ఏ రాక్షసుడికి దొరికింది? పాండవుల పెళ్లి పనికి వచ్చినవాడికి. మహాభారతంలో వాళ్ల యుద్ధంలోనే చచ్చిపోయేవాడికి.

నోరు తిరగకపోవడం మీద నవ్వు పింగళితో మొదలైంది కాదు. శతపథ బ్రాహ్మణంలో అసురులు ఒక సంస్కృత శబ్దంలో 'ర'ని 'ల'గా పలికి ఓడిపోతారు. పతంజలి తన మహాభాష్యం మొదట్లోనే ఆ కథని ముందుపెట్టి, వ్యాకరణం చదవండి, మ్లేచ్ఛుల్లా మాట్లాడకండి అంటాడు. ఉచ్చారణ తప్పితే ఓటమి న్యాయమేనన్న పాఠం అది. కాలకేయులు కూడా పాతవాళ్లే. వనపర్వంలో హిరణ్యపురంలో ఉండే ఈ జనాన్ని అర్జునుడు చంపుతాడు. కాలక అనే తల్లి పేరుమీద వాళ్లు కాలకేయులయ్యారు. పురాణంలో వాళ్లకి తల్లీ ఉంది, పట్నమూ ఉంది. 2015 నాటికి రెండూ పోయాయి.

అంబేడ్కర్ 'శూద్రులెవరు?' (1946)లో ఋగ్వేదంలోని 'మృధ్రవాచ' అనే మాటని పట్టుకుని చర్చించాడు. దస్యుల మాట మొరటుగా ఉందని వేదం అన్నంత మాత్రాన వాళ్లు వేరే జాతి అనడానికి అది సాక్ష్యం కాదన్నాడు. మాటతీరు వేరు, జాతి వేరు. కల్పిత ప్రపంచాలు అల్లేవాళ్లు సరిగ్గా ఈ ముడినే మళ్లీ బిగిస్తారు: ఒక్కో జాతికి ఒక్కో భాష, ఆ భాష చప్పుడులోనే ఆ జాతి గుణం. ఈ విద్యకి పెద్ద గురువు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు టోల్కీన్. ఆయన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' (1954-55)లో అందమైన ఎల్ఫ్‌లకి క్వెన్యా, సిందారిన్ అనే రెండు నిండు భాషలు ఇచ్చాడు, పాటలిచ్చాడు. యుద్ధంలో చచ్చే ఓర్క్‌లకి మిగిలింది చెడిపోయిన యాస, తిట్లు. వాళ్ల యజమాని చేసిన భాషకి ఆయన పెట్టిన పేరే 'నల్ల మాట'. ఆ ఓర్క్‌ల రూపాన్ని మంగోల్ జాతులతో పోలుస్తూ 1958లో ఒక ఉత్తరం కూడా రాశాడు. కల్పనే కదా అని వదిలెయ్యమనేవాళ్లు ఆ ఉత్తరం చదవాలి.

'బాహుబలి'లో కల్పన ఎక్కడ పగిలిందో చూడండి. తమిళ రూపానికి మాటలు రాసింది కూడా కార్కీనే. అందులో శత్రువుని హీనపరచడానికి 'పగడై' అన్న మాట వాడారు. అది అరుంధతీయుల్ని పిలిచే కులం పేరు. తమిళనాడులో తోలుపని, పాకీపని నెత్తిన రుద్దబడిన కులం. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో మాట్లాడేది తెలుగు. అంటే మన మాదిగల బంధువులే. 2015 జులైలో మదురైలో నిరసనలు జరిగాయి, రచయిత విచారం చెప్పాడు. ఆయన దురుద్దేశం గురించి నేను మాట్లాడటం లేదు. 750 మాటలు కొత్తగా పుట్టించగలిగిన చోట, తిట్టుకి మాత్రం ఒక అంటరాని కులం పేరు సిద్ధంగా దొరికింది. ఆ ఒక్క మాటకి కల్పన అవసరం పడలేదు.

మద్నూర్‌లో ఉండి చూస్తే ఈ జాతికో భాష అన్న లెక్క మొత్తం వింతగానే ఉంటది. అటు దెగ్లూరు, ఇటు బీదర్ జిల్లా. 1956 దాకా నాందేడ్, బీదర్, నిజామాబాద్ ఒకే హైదరాబాద్ రాజ్యం. భాషని బట్టి గీతలు గీశారు గానీ నోళ్లు ఆ గీతల్ని ఒప్పుకోలేదు. ఇక్కడ అమ్మని కొందరు అవ్వ అంటరు, కొందరు ఆయి అంటరు. సరిహద్దు దాటి కన్నడంలోకి పోతే అక్కడా అవ్వే. దక్కనీ ఉర్దూలో వద్దనడానికి 'నక్కో' అంటరు, అది మరాఠీ 'నకో'. ఎవరు పుట్టించారో తెల్వదు, ఏ వీరతాళ్లూ పడలేదు. మాల, మాదిగ, మహార్, మాంగ్ వాడల్లో ఒకే మనిషి పొద్దున కూలికాడ ఒక భాష, సంతల ఇంకో భాష, ఇంట్ల మూడోది మాట్లాడుతడు. మూడింటికీ వ్యాకరణం ఉంది. కానీ ఆ ఇంటి పిల్ల బడికి పోయినంక దాన్ని భాష అనరు, 'యాస' అంటరు, ఇంకొంచెం ముందుకుపోతే 'తప్పు' అంటరు. సినిమా కోసం చేసిన భాషకి సూత్రాలున్నాయని మురిసిపోయే పండితుడు, వాడలోని మాటకి సూత్రాలున్నాయంటే నమ్మడు.

కిలికిని లిపితో సహా 2020 ఫిబ్రవరి 21న జనంలోకి వదిలారు. అది అంతర్జాతీయ మాతృభాషా దినం. తమ భాష కోసం 1952లో ఢాకాలో కాల్పులకి చచ్చిపోయిన విద్యార్థుల గుర్తుగా యునెస్కో 1999లో ప్రకటించిన రోజు. ఎవరి తల్లీ మాట్లాడని భాషకి ఆ రోజు దొరికింది. మన పక్క ఆదిలాబాద్‌లో గుంజాల గోండి లిపికి కంప్యూటర్ల యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లో. దాదాపు 30 లక్షలమంది గోండి మాట్లాడుతున్నట్టు 2011 జనాభా లెక్కలే చెప్తున్నాయి. అయినా ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో గోండి లేదు. దాదాపు 25 వేలమంది మాతృభాషగా రాయించుకున్న సంస్కృతం ఉంది.

లంబాడి సంగతి ఇంకా దారుణం. ఆ లెక్కల్లో 32 లక్షలకి పైగా జనం లమాణీ లేదా లంబాడి తమ మాతృభాష అని చెప్పారు. ఆ సంఖ్య ఏ భాష కింద అచ్చయిందో వెతికి చూడండి. హిందీ కింద ఉంటుంది.