తలుపును వదలని పిల్లలు

పసిపిల్లలకు కథ చెప్పడమంటే చివర ఒక నీతి అంటించడమేనని మనలో చాలామంది నమ్మకం. జాలి చూపమన్నంత మాత్రాన జాలి పుట్టదు. అదెలా పుడుతుందో చూడాలంటే కి. రాజనారాయణన్ ‘కదవు’ కథ చదవాలి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, తమిళంలో రాసి, 1991లో ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న ఆయన 2021లో కన్నుమూశారు. నవలల మాట అలా ఉంచి, పిల్లలకోసం నేనీ చిన్న కథనే ఎంచుతాను.

పన్ను బకాయికింద తలారి వచ్చి ఒక పేదింటి తలుపు తీసుకుపోతాడు. ఆ తలుపు పిల్లలకు బస్సు. దానిమీద ఊగుతూ ఊళ్ళు తిరుగుతారు. అగ్గిపెట్టె బొమ్మ తెచ్చి దానికి అంటిస్తారు. (మా వెంబకోట్టై వైపు అగ్గిపెట్టె బొమ్మలు ఏరని బాల్యం ఉందా?) తలుపును మోసుకుపోతుంటే అదీ ఆటే అనుకొని వెనకాల ఊరేగింపు కడతారు. తిరిగివస్తే తల్లి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంటుంది. వాళ్ళూ చప్పుడు చేయక ఆమె పక్కన చేరతారు.

నన్నడిగితే కథకు ప్రాణం ఇక్కడే ఉంది. అమ్మ బాధలో ఉందని ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. ముఖం చూసి వాళ్ళే తెలుసుకున్నారు. వింటున్న పిల్లవాడూ వాళ్ళతోపాటే తెలుసుకుంటాడు. జప్తు కాగితాలు బ్యాంకులో నేనూ చూసినవాణ్ణే. అందులో తలుపంటే ఒక వస్తువు, దాని విలువ ఇంత. బొమ్మకు అక్కడ కాలమ్ ఉండదు.

తలుపులేని ఇంట చలిగాలికి పసికందు పోయే ఘట్టం మాత్రం తొందరగా నడిచిందనిపిస్తుంది. అయిదేళ్ళవాళ్ళకు అది చెప్పవచ్చునా అంటారు కొందరు. దాచనక్కరలేదు, విప్పి చెప్పనూ అక్కరలేదు. అడిగినదానికి బదులిస్తే చాలు.

మన అవ్వలు ఏడు చేపల కథ అలాగే చెప్పేవారు. చేప ఎందుకు ఎండలేదో తెలియాలంటే గడ్డిమోపు నుంచి చీమ దాకా అందరినీ అడగాలి, ఒక్కొక్కరి మొరా వినాలి. ఇప్పుడు దానికీ ఒక నీతి తగిలిస్తున్నారు!

2006 చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళంతో నాకు పేచీ లేదు. కాని అలక, బెంగ, మారాము వంటి మాటలు మన పిల్లలకు ఇంట్లో, కథలోనే దొరకాలి. అందుకే ‘కదవు’ను రాత్రి అన్నాలవేళ తెలుగులో చెప్పి చూడండి. బొమ్మ అంటించే చోట కాస్త ఆగండి. చావడి వెనక పడివున్న తలుపును పిల్లలు గట్టిగా పట్టుకోవడంతో కథ అయిపోతుంది. తలుపు ఇంటికొచ్చిందా అని అడుగుతారు. రచయిత చెప్పలేదు, మీరూ చెప్పకండి.