కరిగిన ఎంజైములన్నియు పనిచేయునా?

తెల్లనివన్నియు పాలు కావని సామెత. కరిగిన ప్రోటీనులన్నియు పనిచేయునవి కావని జీవరసాయన శాస్త్రము నేర్పుచున్నది. కణత్వచములో ఉండు ఎంజైములను నీటిలో కరుగునట్లు చేయు జోడింపు పద్ధతిని ఈ దృష్టితోనే విమర్శింపవలెను.

కణత్వచము కొవ్వు పదార్థములతో ఏర్పడిన పలుచని తెర. దానిలో ఇమిడియుండు ఎంజైముల ఉపరితలము కొవ్వుకు సుముఖము, నీటికి విముఖము. ఇట్టి ఎంజైము జన్యువును ఎషరీషియా కోలై బాక్టీరియములో ప్రవేశపెట్టి విస్తారముగా తయారుచేయింపబూనినచో, తరచు అణువులు సరిగా ముడుచుకొనక, ఒకదాని నొకటి అంటుకొని, కరగని ముద్దలగును.

దీనికొక ఉపాయము కలదు. బాగుగా కరుగు మరియొక ప్రోటీను జన్యువును ముందు చేర్చినచో, బాక్టీరియము రెండింటిని ఒకే గొలుసుగా నిర్మించును. 1999లో కాపుస్ట్, వా అను శాస్త్రజ్ఞులు మూడు తోడు ప్రోటీనులను పోల్చిచూచిరి. కరగని స్వభావము గల ఆరు ప్రోటీనులకు వీనిని జోడింపగా, మాల్టోజును బంధించు ప్రోటీను మిగిలిన రెండింటికంటె ఎంతో మేలైనదని తేలినది. కాని జోడించిన ప్రోటీను సరియైన రూపమునకు ముడుచుకొనుట కొన్ని సందర్భములలోనే కనబడినదని వారే చెప్పిరి. ఈ ‘కొన్ని’ అను మాటను విస్మరింపరాదు. ఈతగాని వీపుపై నది దాటినవాడు ఈత నేర్చినవాడు కాడు. తోడును కోసివేసిన వెంటనే అడుగునకు పేరుకొను ప్రోటీనులు పెక్కు గలవు.

పైగా ఆ ఆరును త్వచములో ఇమిడియుండునవి కావు. ఆ కష్టతరమైన పనికి 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మిజ్రాహీ, డెలీసా ప్రభృతులు పూనుకొనిరి. ఎంజైమునకు ముందు మాల్టోజును బంధించు ప్రోటీనును, వెనుక రక్తములో కొవ్వును మోయు అపోలైపోప్రోటీను భాగమును జోడించిరి. మొదటిది ఎంజైమును త్వచములోనికి పోనీయదు. రెండవది కొవ్వును కోరు ఉపరితలమును కవచమువలె కప్పును.

2017లో ఈ బృందము డి.ఎస్.బి.బి. అను త్వచ ఎంజైమును ఇట్లే కరిగించి, అది కణద్రవములో డైసల్ఫైడు బంధముల నేర్పరచుటకు తోడ్పడునని నిరూపించినది. ఈ పని డి.ఎస్.బి.ఎ. అను సహచర ప్రోటీను, క్వినోను, రెండును ఉన్నప్పుడే జరిగినది. కరగినదని తృప్తిపడక, ఎంజైము తన సహజమైన పనినే చేయుచున్నదని చూపుట ఈ పరిశోధన యొక్క గొప్పతనము.

అయితే ఈ విజయము ఇతర త్వచ ఎంజైములకును మార్గము చూపునన్న వారి ఆశను సిద్ధాంతముగా గ్రహింపరాదు. మైటోకాండ్రియాలోని బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ డీహైడ్రోజినేజ్ అను ఎంజైము లెసితిన్ అను కొవ్వు పదార్థము లేనిదే పనిచేయదు. ఇట్టివానికి కవచము కొవ్వుకు బదులు కాగలదా అను ప్రశ్నకు ప్రతి ఎంజైము విషయములోను వేరువేరుగా ప్రయోగమే సమాధానము చెప్పవలెను. పైగా కవచము తీసినచో నీటికి విముఖమైన ఉపరితలము మరల బయల్పడును. కనుక లభించినది సహజమైన ఎంజైము కాదు, కవచముతో కూడిన కొత్త అణువు.

సెంట్రిఫ్యూజులో త్రిప్పినపుడు పైతేటలో నిలిచిన ప్రోటీనును ‘కరిగినది’ అందురు. సూక్ష్మమైన ముద్దలును అక్కడ నిలువవచ్చును. అందుచేత ఎంత కరిగినదని అడిగిన విద్యార్థి, ఎంత పనిచేసినదని కూడ అడుగవలెను. ఈ రెండవ ప్రశ్నయే మొదటిదానికి విలువ నిచ్చును.