ఒళ్ళు వంచని ఈతగత్తె

పనామా మొదలు లా ప్లాటా నది వరకూ మంచినీళ్ళలో బతికే ఐగెన్‌మానియా ప్రజాతి చేపల్లో ముందుగా గమనించాల్సింది వాటికి లేనివి. వీపు మీద రెక్క లేదు. తోక చివరా లేదు. తోక సన్నని పోగై ముగుస్తుంది. ఈత భారమంతా పొట్ట కింద పొడుగ్గా సాగే ఒక్క రెక్కదే. గాజు కత్తిచేప అన్న పేరుకు తగ్గట్టు, ఒంట్లోంచి వెన్నెముక కనబడుతుంది.

ఇది నడుం ఊపదు; దానికి కారణం విద్యుత్తు. తోక పొడవునా, కండరం నుంచి రూపుమారిన కణాలు సెకనుకు సుమారు 250 నుంచి 600 సార్లు విద్యుత్తును వదులుతుంటాయి. రాత్రీ పగలూ విరామం లేదు. షాక్ కొట్టేంత బలమూ లేదు. దగ్గర్లో పురుగు కదిలితే ఒంటి చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం కాస్త చెదురుతుంది, చర్మం దాన్ని పసిగడుతుంది. ఒళ్ళు వంచితే ఆ క్షేత్రాన్ని తానే చెదరగొట్టుకున్నట్టు. చీకట్లో దారి చూపే శక్తి కోసం ఈతనే మార్చుకున్న ప్రాణిగా నాకిది కనిపిస్తుంది.

నీళ్ళలో ఒకేచోట నిలిచినప్పుడు ఆ రెక్కను చూడాలి. ముందు సగంలో అలలు తోకవైపు, వెనక సగంలో తలవైపు పరిగెడతాయి. రెండూ మధ్యలో కలుస్తాయి. ఆ కలిసే చోటు కాస్త వెనక్కి జరిగితే చేప ముందుకు, ముందుకు జరిగితే వెనక్కి. ఎదురెదురు తోపులు వృథా అనిపిస్తాయి గానీ, నిలకడా చురుకుదనమూ రెండూ వాటివల్లే వస్తాయని 2013లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు మరికొందరితో కలిసి చూపించారు.

అసలు నైపుణ్యం పక్కన మరో ఐగెన్‌మానియా ఉన్నప్పుడు బయటపడుతుంది. శ్రుతి రవ్వంత తేడా ఉన్న రెండు తంబురా తీగల్లా రెండిటి విద్యుత్తూ కలిసి ఊగిసలాడుతుంది, పరిసరాల కబురు అందులో మునిగిపోతుంది. అప్పుడు ఎక్కువ వేగంతో మోగేది ఇంకాస్త పెంచుతుంది, తక్కువది తగ్గిస్తుంది. 1963లో పరిశోధకులు వతనబే, తకేడా దీన్ని గుర్తించారు. తర్వాత నాడీశాస్త్రవేత్త వాల్టర్ హైలిగెన్‌బర్గ్ ఏళ్ళ తరబడి దీని వెనకున్న నాడీమార్గాన్ని కణం కణంగా వెతికాడు.

తేలింది ఇది: పెంచాలా తగ్గించాలా అని తేల్చుకోవడానికి చేప మెదడులోని సొంత లయను సంప్రదించదు. ఒంటి మీద వేర్వేరు చోట్ల అందిన సంకేతాలను పోల్చుకుంటుంది. అందులో సెకనులో పదిలక్షల వంతు కన్నా తక్కువ కాలభేదాన్నీ పట్టేస్తుంది. చర్మంలో విద్యుత్తును పసిగట్టే ఏ ఒక్క గ్రాహకానికీ అంత కచ్చితత్వం లేదు; ఎన్నో గ్రాహకాల మాట కలిపితేనే ఆ లెక్క కుదురుతుంది.