కాటిసీనులో రెండవ మాట

బలిజేపల్లి లక్ష్మీకాంతముగారు 1912లో రచించిన ‘సత్యహరిశ్చంద్రీయము’ను చూచినన్ని పర్యాయములు నేను మరియొక నాటకమును చూచి యుండలేదు, చూచిన ప్రతిసారియు రాజ్యమును కోల్పోయిన హరిశ్చంద్రునికన్న కాటికాపరియైన హరిశ్చంద్రుడే నన్ను కలవరపెట్టును. విశ్వామిత్రునికి సర్వస్వమును ధారవోయునాటికి ఆతడు చక్రవర్తి. ఇక్ష్వాకుకుల గౌరవ మాతని వెన్ను కాచుచున్నది. సత్యవ్రతుడను కీర్తి యాతనికి సింహాసనముకన్న ప్రియమైనది. అది త్యాగమే, సందేహము లేదు. కాని అందు ఒకింత అభిమానమును కలదు.

ఆ అభిమానము వారణాసిలో కరగిపోవును. విశ్వామిత్రునకు చెల్లింపవలసిన ఋణము తీర్చుటకై తన్ను విక్రయింపుమని చంద్రమతియే పలుకవలసి వచ్చినది. కాలకౌశికుని యింట ఆమె దాసి, వీరబాహుని కాటికి ఆతడు కాపరి. ఆ ఋణమును రాబట్ట వెంటవచ్చిన నక్షత్రకుని పీడనమును గూర్చి విస్తరింపను, అది మన ప్రేక్షకులకు కంఠస్థమే.

పాముకాటునకు బలియైన లోహితాస్యుని దహింపవచ్చిన స్త్రీని హరిశ్చంద్రుడు కాటిసుంకమడుగును. ఆమె యెవరో ఎరుగడు గనుక ఆ మాటలో కాఠిన్యమున్నను కష్టము లేదు. భర్తకు దప్ప అన్యులకు గోచరింపని మాంగల్యము కంటబడి, ఎదుట నున్నది భార్య యనియు, నేలపై నున్నది కుమారుడనియు తెలిసి, కుప్పకూలి విలపించి, ఆ విలాపానంతరమున మరల సుంకము చెల్లింపుమనునే, ఆ రెండవ మాటయే నాటకమంతటికిని ప్రాణమని నా విశ్వాసము. ఇచట మెచ్చు సభ లేదు; సుంకము వీరబాహుని హక్కు, విడిచిపెట్టుటకు తనది కాదు. ఒకనాడు తనకు భూషణమైన సత్యము నేడు పరుల సొత్తునకు కావలి కాయుచున్నది.

మన నటులు ఈ రంగమున జాషువాగారి శ్మశానవాటి పద్యములను చేర్చుకొని, రాగాలాపనతో ప్రేక్షకులను కదలనీయకుండ నిలుపుదురు. ఆ పద్యములు నాకును ప్రాణప్రదములే. వన్స్‌మోర్ అనువారిని తప్పుపట్టను. అయితే గానము ముగిసిన పిదప ఆ రెండవ మాటను త్వరత్వరగా దాటిపోవు నటుని చూచినపుడు మనసు చివుక్కుమనును. మొదటిసారి సుంకమడిగినవాడు కాపరి మాత్రమే. రెండవసారి తండ్రి గొంతు పూడిపోవుచుండగా కాపరి మాట బయటికి రావలెను. శ్రుతి పెంచినంతమాత్రమున నది రాదు.

కాశీరాజపుత్రుని చంపినదను అపనిందతో చంద్రమతి శిరశ్ఛేదమునకై ఆ భర్త యెదుటికే తేబడును. అప్పుడామె ముఖమున ప్రాణభయముకన్న ఆతనిపై జాలియే యెక్కువగా కనబడవలెనని నా కోరిక. ఏలయన కత్తి నెత్తవలసినవాడు ఆతడు.